గీత ఎక్కడ లేచింది

ఈరీ సరస్సు ఒడ్డున, హోటల్లో,
పెళ్ళి విందులకు అద్దెకిచ్చే హాల్లో
ఇరవై ఎనిమిది మంది.
ఎటూ తేల్చుకోనివాళ్ళే కావాలన్నారు,
గోడ మీద పిల్లుల్ని ఏరి కూర్చోబెట్టాం.
మనిషికి నూట ఇరవై డాలర్లు, ఒక శాండ్‌విచ్.

తలా ఒక డయల్ చేతికిచ్చాను.
నచ్చితే కుడికి, నచ్చకపోతే ఎడమకి,
ఏమీ అనిపించకపోతే యాభై దగ్గరే ఉంచండి అన్నాను.
"ఏమీ అనిపించకపోవడానిక్కూడా అంకె ఉందా?" అంది
స్కూలు బస్సు నడిపే మార్లీన్ డొంబ్రోస్కీ.
ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా.

తొమ్మిదింటికి పెద్ద తెర మీద ఇద్దరూ చేతులు కలిపారు.
సెనేటరు టై కొత్తది, గవర్నరమ్మకు జలుబు.
నా ముందున్న చిన్న తెరలో మాత్రం ఒకే గీత,
ఇరవై ఎనిమిది బొటనవేళ్ళు కలిసి గీస్తున్నది,
ఆసుపత్రి మంచం పక్కన రాత్రంతా చూస్తామే
అలాంటిది.

పన్నుల దగ్గర కాస్త కదిలింది.
సైన్యం అనగానే లేచింది, అది ఎప్పుడూ లేస్తుంది.
"మా నాన్న గనిలో పనిచేశాడు" అన్నప్పుడు
లేవబోయి, ఎందుకో మనసు మార్చుకుంది.
ఆవిడ ఆయన మాటకు అడ్డొస్తే పడింది.
ఆయన ఆవిడ మాటకు అడ్డొస్తే పడలేదు.
ఇది రాసుకుని, మళ్ళీ కొట్టేశాను,
రిపోర్టులో దీనికి గడి లేదు.

గంటా పది నిమిషాలకు
ప్రేక్షకుల్లోంచి ఒకామె లేచి నిలబడింది.
పచ్చ స్వెటరు, చేతిలో మడత విప్పని కాగితం.
తెర అడుగున పేరు వేశారు: రోవీనా టట్‌హిల్.
"మా వీధిలో కుళాయి తిప్పితే తుప్పు రంగు దిగుతుంది.
మూడేళ్ళుగా పిల్లకి సీసా నీళ్ళతో స్నానం.
మీరొచ్చి మా ఇంట్లో ఒక గ్లాసు తాగుతారా?"

నాలుగు సెకన్లు.

ఇద్దరి ముందూ గ్లాసులున్నాయి,
నిండుగా, అడుగు కనిపించేంత తేటగా.
ఇద్దరూ వాటివైపు చూడకుండా ఉండటానికి
ఎంత కష్టపడ్డారో కెమెరా చూసింది.

గీత లేచింది.
డెబ్భై. ఎనభై మూడు. తొంభై ఒకటి.
పదకొండేళ్ళ ఈ ఉద్యోగంలో ఎన్నడూ చూడని ఎత్తు.
తలెత్తి చూశాను.
అంతవరకూ కునికిపాట్లు పడుతున్న టైర్ల షాపు క్లియాన్ విట్‌బెక్
డయల్ చివరికొచ్చి ఆగిపోయినా
పళ్ళ బిగువున ఇంకా తిప్పుతున్నాడు.

తర్వాత ఆవిడ, "చాలా ముఖ్యమైన ప్రశ్న" అంది.
ఆయన, "నా ప్రత్యర్థి హయాంలో" అన్నాడు.
నీళ్ళ గురించి అడిగింది కదా,
ఇద్దరూ చెరో రెండు నిమిషాలు నీళ్ళు నమిలారు.
తాడు తెగిన చేదలా గీత కిందికెళ్ళిపోయింది.

పదిన్నరకు ఛానెల్ నుంచి ఫోను.
"ఎవరు గెలిచారు?"

రోవీనా, అందామనుకున్నాను.
ఆమె పోటీలో లేదు.
పోనీ ఆ నాలుగు సెకన్లు అందామంటే
వాటికి పార్టీ లేదు, గుర్తు లేదు,
మాట్లాడినవాళ్ళే లేరు.

"గవర్నరు. రెండు పాయింట్లు" అన్నాను.
"ఇంతమందిలో లెక్క తప్పడానికి ఆస్కారం
పద్దెనిమిది పాయింట్లు."
"రెండోది వదిలేద్దాం" అన్నారు,
అప్పటికే తెర మీద గవర్నరమ్మ బొమ్మ చుట్టూ
బంగారు చట్రం తిరుగుతోంది.

డయల్స్ వెనక్కి తీసుకున్నాను.
మార్లీన్ ఇచ్చినది ఇంకా వెచ్చగా ఉంది.
కోటు తొడుక్కుంటూ అడిగింది,
"ఇంతకీ వాళ్ళిద్దర్లో ఎవరైనా వెళ్తారంటావా?"
రేపు ఐదింటికి బస్సు తీయాలట,
జవాబు కోసం ఆగలేదు.

కుర్చీలు పేర్చాక, బ్యాటరీలు ఊడదీశాక
సామాన్ల జాబితాలో రాశాను:
పందొమ్మిదో నంబరు, క్లియాన్ చేతిలోది.
ముల్లు వంద దాటి అవతల ఇరుక్కుంది.
వెనక్కి రావడం లేదు.
మార్చాలి.